బండి మీద, హెల్మెట్ అద్దం మీద ఎండిపోయిన పురుగులను గీతలు పడకుండా ఎట్లా తీయాలి?

తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి. జవాబు ఇంతే. ఆ పది నిమిషాల ఓపిక లేక నాకు ఎంత చేతిచమురు వదిలిందో చెప్పడానికే మిగతాదంతా రాస్తున్నా. తొందర ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నాది పురుగుమందుల డీలర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, అటు కల్వకుర్తి, అచ్చంపేట దాకా బండి మీదే బతుకు. పొద్దున పురుగును చంపే మందు అమ్ముతా, పొద్దుగూకితే అవే పురుగులు నా మొహం మీద పగ తీర్చుకుంటాయి. ఏ కార్తెలో ఏ పురుగు కొడుతుందో నాకు నోటికి వచ్చు. దసరాకు, దీపావళికి నడుమ సాగర్ ఎడమ కాలువ కింద పచ్చదోమ, సుడిదోమ. వరి పొట్ట మీద, కంకి మీద ఉన్న రోజుల్లో ఊరి లైట్ల కింద అవి పురుగుల్లా కాదు, పొగలా కనబడతాయి. అచ్చంపేట దాటి మన్ననూరు అడవిలోకి పోతే తేనెటీగలు. పెద్ద పేడపురుగు ఒకటి వచ్చి తగిలిందంటే ఎవరో గులకరాయి విసిరినట్టే ఉంటుంది, అద్దం ఎత్తి పెట్టుకొని తిరిగే మొనగాళ్లకు అదే సరైన మందు.

కానీ వీటన్నిటికీ పెద్దన్న ఉసిళ్లు. మిరుగు దాటి మొదటి గట్టి వాన పడి, గాలి ఆగి, ఉక్కపోసే సాయంత్రం పుట్టల్లోంచి లేస్తాయి. చెదపురుగులకే రెక్కలొస్తే అవి ఉసిళ్లు. ఒళ్లంతా కొవ్వు. అందుకే మన పల్లెల్లో వేయించుకొని తినేవాళ్లు. మా నాయనమ్మ దీపం కింద తాంబాళంలో నీళ్లు పోసి పెట్టేది, పొద్దున వాటిని ఎండబెట్టి, రెక్కలు చెరిగి, పేలాలతో కలిపి వేయించేది. నేనూ తిన్నా. రుచికి ఏ వంకా పెట్టలేం. ఆ కొవ్వే హెల్మెట్ అద్దం మీద పడితే మాత్రం నెయ్యి పూసినట్టు ఉంటుంది.

మా చెల్లె పూలుపండ్లకు ముందురోజు. మర్నాడు తొమ్మిదింటికల్లా మగపెళ్లివాళ్లు మా ఇంట్లో ఉంటారు. నేను పెద్దవూరలో వసూళ్లు తెముల్చుకొని నల్లగొండకు బయలుదేరేసరికి ఏడు దాటింది. మధ్యాహ్నం దంచికొట్టిన వాన వెలిసి, ఆకు కదలడం లేదు. హాలియా దాటాక ఒక పెట్రోలు బంకు వచ్చింది. ఉసిళ్ల పుట్ట పగిలినట్టు అని మనవాళ్లు ఎందుకంటారో ఆ రోజు కళ్లారా చూశా. బంకు లైట్ల చుట్టూ గోడ కట్టినట్టు ఉన్నాయి. ఆ గోడలోకే నేను 60లో దూరా. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమని ఒక అర నిమిషం. బయట పడేసరికి అద్దం మీద రెక్కలు, కాళ్లు, పసుపుపచ్చని జిగట.

ఎడమచేతి గ్లౌజుతో ఒక్కసారి అడ్డంగా తుడిచా. అదే నేను చేసిన తప్పు. అప్పటిదాకా చుక్కలు చుక్కలుగా ఉన్నది కాస్తా అద్దమంతా అలికినట్టయింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా లారీ. డిప్పర్ కొట్టడం అంటే మన లారీవాళ్లకు, ఇప్పుడు కార్లవాళ్లకు కూడా, ఆస్తి రాసిచ్చినంత కష్టం. ఆ రెండు లైట్లు నా అద్దం మీద రెండు వందల లైట్లయి పరుచుకున్నాయి. రోడ్డు లేదు, అంచు లేదు, అంతా తెలుపు. అద్దం పైకెత్తితే ఒక ఉసిలి కంట్లో పడింది, ఇంకొకటి నోట్లో. 60లో బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. నేను కన్ను నులుముకొని తెరిచేసరికి ముందర పట్టా కప్పిన వడ్ల కుప్ప, దాని చుట్టూ తలకాయంత రాళ్లు. ముందు టైరు ఒక రాయిని రాసుకుంటూ పోయింది. పడలేదు, అది మా అమ్మ మొక్కుల పుణ్యం.

ఇక్కడ ఒక మాట. రోడ్డు మీద వడ్లు ఆరబోసే రైతును నేను తిట్టను. కల్లం లేదు, కొనే దాకా వానకు భయపడాలి, ఆ బాధ నేను రోజూ చూస్తా. కానీ కుప్ప ఎత్తుకుపోయాక రాళ్లు అక్కడే వదిలేసి పోతారు చూడండి, దానికి మాత్రం మాఫీ లేదు.

కాళ్లు వణుకుతుంటే బండి నెమ్మదిగా నడుపుకుంటూ దర్వేశిపురం స్టేజీ దగ్గర ఒక చాయ్ హోటల్ ముందు ఆపా. రేకుల కప్పు, ఒక బల్ల, ఒక ముసలవ్వ. అక్కడున్న పాత పేపరు ముక్క తీసుకొని అద్దాన్ని బరబరా రుద్దడం మొదలుపెట్టా. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి అరిచింది.

"ఏం బిడ్డా, గంజి ఎండిన గిన్నెను గట్లనే తోముతరా మీ ఇంట్ల? నానబెట్టకుండ గీకితే గిన్నె ఉంటదా?"

లోపల్నుంచి ఒక కాటన్ తువ్వాల తడిపి తెచ్చి, పిండకుండానే హెల్మెట్ మీద కప్పింది. "చాయ్ తాగు. అది దాని పని చేసుకుంటది" అన్నది. నేను చాయ్ తాగా, ఉస్మానియా బిస్కెట్ తిన్నా, చెల్లె ఫోన్‌లో తిడుతుంటే విన్నా. పది నిమిషాలయ్యాక అవ్వ తువ్వాలను పైనుంచి కిందికి, రుద్దకుండా, ఒక్కసారి జార్చినట్టు లాగింది. రెక్కలతో సహా అన్నీ దాంట్లోకే వచ్చాయి. ఇంకో చెంబు నీళ్లు పోసింది. అద్దం అద్దంలా అయింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు ట్రైనింగులు చాలా ఇచ్చారు, అంత బాగా ఎవరూ చెప్పలేదు.

కథ ఇక్కడ అయిపోతే నేను తెలివైనవాడినే. మర్నాడు పొద్దున చూస్తే బండి ముందు భాగమంతా ఉసిళ్ల పేస్టు. వియ్యాలవారి ముందు ఈ అవతారం ఏంటని ఆరింటికే వాటర్ వాష్‌కు తీసుకుపోయా. అక్కడి పిల్లవాడు బండి కడిగి, "అన్నా, హెల్మెట్ గూడ కొట్టాల్నా?" అని నేను జవాబు చెప్పేలోపే పెట్రోలు గుడ్డతో అద్దాన్ని, డొప్పను తళతళా తుడిచేశాడు. నిజంగా మెరిసింది. పది రూపాయలు ఎక్కువే ఇచ్చా. నెల తిరక్కముందే అద్దం లోపల సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. పగలు తెలియవు, రాత్రి ఎదురు లైటు పడితే ఒక్కో గీత వెలుగుతుంది. కొత్త అద్దానికి నాలుగు వందలు పోయాయి.

హెల్మెట్ అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దెబ్బకు గట్టిది, మందుకు మెత్తనిది. పెట్రోలు, థిన్నర్, గోళ్లరంగు తుడిచే మందు, ఇళ్లల్లో గాజు కిటికీలకు కొట్టే అమ్మోనియా స్ప్రేలు, ఏదైనా దానికి విషమే. పైన ఉండే గీతలు పడని పూత ముందు పోతుంది, తర్వాత అద్దమే పగుళ్లు పడుతుంది. అంతకంటే ఘోరం హెల్మెట్ లోపల జరుగుతుంది. తలను కాపాడేది అందులోని థర్మోకోల్ లాంటి పొర. చిన్నప్పుడు థర్మోకోల్ ముక్కను పెట్రోల్లో వేసి కరిగించి ఆడుకోలేదా? అదే. బయటికి ఐఎస్‌ఐ గుర్తు చక్కగా ఉంటుంది, లోపల పొర తినేసి ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదని 2021 జూన్ నుంచి రూలు ఉంది, పెట్రోలు గుడ్డ మీద మాత్రం ఏ రూలూ లేదు. టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతాయని వీడియోలు చేసేవాళ్లను నేనేమీ అనను. సన్నటి గరుకు పొడితో పూతను గీకేయడం అది, తర్వాత నాలుగు రోజులు నున్నగా కనబడుతుంది, అంతే.

నేను ఇప్పుడు చేసేది ఇది: సీటు కింద ఒక పాత కాటన్ బనియను, నీళ్ల సీసా, రూపాయి షాంపూ పాకెట్. తడిపి కప్పడం, ఆగడం, జార్చడం. జిడ్డు ఉంటే చుక్క షాంపూ, వేలితో మెల్లగా. ఇంటికి పోయాక అద్దం ఊడదీసి బకెట్లో మునిగేలా వేస్తా. వెనక వైపు అసలు రుద్దను, అటు ఇంకా సున్నితం.

మన దగ్గర ఇంకో గండం ఉంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే పురుగు పోయి, దాని జాగాలో తెల్లటి ఉప్పు మరక దిగుతుంది. నల్లగొండ నీళ్లంటే ఫ్లోరైడ్ అని దేశమంతా ఎరుగు, నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు. కానీ మరక వేసేది ఫ్లోరైడ్ కాదు, సున్నం. ఆఖరి చెంబు మాత్రం తాగే నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో పోయండి, వెంటనే మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

బండి సంగతి పెద్దగా లేదు. హెడ్‌లైట్ కూడా ప్లాస్టిక్కే, అద్దానికి చెప్పిందే దానికీ. ట్యాంకు, మడ్‌గార్డు మీద పురుగులను ఆ రోజే తీసేయాలి, ఎండలో రెండు రోజులుంటే రంగును తినేసి మచ్చ మిగులుస్తాయి. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు చల్లనీళ్లు కొట్టకండి. రేడియేటర్ ఉన్న బండైతే ప్రెషర్ పైపు దగ్గరపెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి. ఎవరూ చూడనివి ముందు ఫోర్కు రాడ్లు. వాటి మీద ఎండిన పురుగు గుంతలో పడ్డ ప్రతిసారీ సీలును గీకుతుంది, ఒకరోజు ఆయిల్ కారుతుంది, మెకానిక్ రోడ్లను తిడతాడు. నిజానికి అది పురుగు పని.

అసలు నన్నడిగితే పురుగుల కంటే పెద్ద రోగం హెల్మెట్లకు వేసే నల్ల అద్దాలు. పగలు స్టైలు కోసం వేస్తారు, రాత్రి మార్చరు. దాని మీద గీతలు, దాని మీద దోమలు, ఎదురుగా ఎల్‌ఈడీ లైటు. రాత్రిపూట మన రోడ్ల మీద పడ్డవాళ్లందరూ తాగి పడలేదు, కనబడక పడ్డవాళ్లూ ఉన్నారని బల్లగుద్ది చెప్తా. హెల్మెట్‌ను మోచేతికి గాజులా తొడుక్కొని తిరిగేవాళ్ల గురించి ఇంకో ప్రశ్న వస్తే అప్పుడు రాస్తా.

మొన్న మొదటి వానకు అదే దారిన వస్తూ కావాలనే అవ్వ దగ్గర ఆగా. హోటల్‌కు ఇప్పుడు ఎల్‌ఈడీ ట్యూబు వచ్చింది. దాని కింద పెద్ద తాంబాళంలో నీళ్లు, నిండా ఉసిళ్లు. నేను సీటు లేపి నా బనియను తీస్తుంటే అవ్వ చూసి, "హెల్మెట్ ఇటు తే బిడ్డా, నీ అద్దం మీదియి గూడ ఇందులనే దులుపు" అన్నది.