నీ రైతు నోట ‘విల్’ ఉండాలెనా, ‘వుడ్’ ఉండాలెనా?

తమ్ముడూ,

సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టు మీద నువ్వు ఇంగ్లీషుల రాసిన కథ చదివిన. మనుషులు మన మిర్యాలగూడ దిక్కు మనుషుల్లెక్కనే ఉన్నరు. ఇబ్బంది ఒక్కతాననే ఉన్నది: ‘ఇఫ్’ వచ్చిన ప్రతి వాక్యంల విల్, వుడ్, కుడ్, మైట్, ఏది చేతికొస్తే అది పెట్టినవు. దాంతోని ఆ ముసలి రైతు ఆశ పెట్టుకున్నడో, వదులుకున్నడో తెలుస్తలేదు. కథంతా దాని మీదనే నిలబడ్డది కాబట్టి వివరంగ రాస్తున్న.

బడిల చెప్పిన ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ (‘ఇఫ్’ వాక్యాల రకాలు) పట్టిక పరీక్షకు సాలుతది, కథకు సాలదు. ముందుగాల ఒకటి తేల్చుకో: మాట్లాడే మనిషి ఆ షరతు నెరవేరుతదని నమ్ముతున్నడా? శ్రీశైలం గేట్లు ఎత్తిన్రు, సాగర్ నీటిమట్టం 590 అడుగులకు దగ్గర పడ్డది అనుకో. రైతు ‘ఇఫ్ ద వాటర్ కమ్స్, వీ విల్ ప్లాంట్’ అంటడు. డ్యాం అడుగంటిన ఏడు అదే గట్టు మీద నిలబడి ‘ఇఫ్ ద వాటర్ కేమ్, వీ వుడ్ ప్లాంట్’ అంటడు. ఈ ‘కేమ్’ అయిపోయిన కాలాన్ని చెప్పదు, నమ్మకం లేదని చెప్తది. నాట్ల అదును దాటిపోయినంక ‘ఇఫ్ ద వాటర్ హాడ్ కమ్, వీ వుడ్ హావ్ ప్లాంటెడ్’. ఇక్కడ నువ్వు ‘ఇఫ్ ద వాటర్ వుడ్ హావ్ కమ్’ అని రాసినవు. మాటల్ల అట్ల అనేటోళ్లు అమెరికాల కూడ ఉన్నరు గని, రాతల ఎడిటర్లు ఒప్పుకోరు. ఇఫ్ ఉన్న ముక్కల హాడ్, అవతలి ముక్కల వుడ్ హావ్.

అట్లని ఇఫ్ పక్కన విల్ ఎప్పుడూ రావద్దని కాదు. ఎదుటోడు ఒప్పుకుంటడా అన్న అర్థం కావాలంటే వస్తది: ‘ఇఫ్ యూ విల్ లెండ్ మీ ద ట్రాక్టర్, ఐ విల్ పే ఫర్ ద డీజిల్.’ రావుడు అనుమానమే అనిపిస్తే షుడ్ వస్తది: ‘ఇఫ్ ద లష్కర్ (కాల్వ నీళ్లు చూసేటోడు) షుడ్ కమ్, కాల్ మీ.’

ఇంకొక్క తడి అందితే పంట ఏమైతుండె? ‘వీ వుడ్ సేవ్ ద క్రాప్’ అంటే తప్పకుండ దక్కించుకుంటరు. ‘కుడ్ సేవ్’ అంటే దక్కించుకునే దారి దొరుకుతది, చేస్తరా లేదా వేరే సంగతి. ‘మైట్ సేవ్’ అంటే దక్కచ్చు, దక్కకపోవచ్చు. మూడూ కరెక్టే, గని ముగ్గురు వేరే వేరే రైతులు.

మే, మైట్ కాడ బాగా పైలం. ‘ఇఫ్ ద ఆటో హాడ్ కమ్ ఎర్లియర్, షీ మే హావ్ లివ్డ్’ అని ఉన్నది నీ కథల. మే హావ్ పెడితే ఆమె బతికిందో లేదో ఇంకా తెలియదన్న అనుమానం వస్తది. సచ్చిపోయిందని అంతకుముందు పేజీలనే చెప్పినవు కద, అక్కడ మైట్ హావే ఉండాలె.

మన భాష నుంచి వచ్చే చిక్కు ఇంకొకటి. ‘వానొస్తే నాటేటోళ్లం’ అంటే ఏటేటా చేసిన పని కావచ్చు, వాన రాక చెయ్యని పని కావచ్చు. ‘ఇఫ్ ఇట్ రెయిన్డ్, వీ వుడ్ ప్లాంట్’కు కూడ ఈ రెండు అర్థాలున్నయి. పైగా కథ భూతకాలంల నడుస్తున్నప్పుడు, నమ్మకంతో అన్న విల్ కూడ ‘హీ సెడ్ దట్’ తర్వాత వుడ్ అయితది. చదివేటోళ్లు ఈ మూడిట్ల ఏది పట్టుకోవాలె? అలవాటైతే ఇఫ్ తీసి ‘వెనెవర్’ పెట్టు. నమ్మకమైతే రైతు మాటను కొటేషన్ గుర్తులల్ల పెట్టి విల్‌ను విల్ లెక్కనే ఉంచు.

సంభాషణల్ల ‘హీ వుడ్’నూ, ‘హీ హాడ్’నూ ‘హీడ్’ అని కుదించి రాసినవు, చెవికి బాగనే ఉంటది. దాని ఎన్క ‘గో’ ఉంటే అది వుడ్, ‘గాన్’ ఉంటే హాడ్. గని కమ్, కట్, పుట్ అసొంటియి రెండు తావులల్ల ఒక్కతీరే ఉంటయి, తేడా తెల్వదు. అక్కడ హాడ్ అని పూర్తిగ రాయి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకొని ప్రతి ఇఫ్ కాడ అంచుల ‘అయితది’, ‘కాదు’, ‘అయిపోయింది’, ఈ మూడిట్ల ఒకటి రాయి. క్రియలు దాని తర్వాతనే మార్చు. చివరి పేజీల మాత్రం నేను చెయ్యి పెట్టలేను. ‘ఇఫ్ మై సన్ కమ్స్ బ్యాక్’ అని మొదలుపెట్టి వుడ్‌తోని ముగించినవు. హైదరాబాద్ పోయిన కొడుకు తిరిగి వస్తడని ఆ తండ్రి నమ్మితే వుడ్‌ను విల్ చెయ్యి, నమ్మకుంటే కమ్స్‌ను కేమ్ చెయ్యి. ఏదన్నది నువ్వే తేల్చాలె.

ఇట్లు,
నీ అన్న