పాట్రిక్ పండక్కి అమ్మమ్మ ఏం చేసేది?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఉంటారు. మనవరాలికి ఎనిమిదేళ్లు. మార్చి 17న అక్కడ సెయింట్ పాట్రిక్స్ డే, ఆ దేశంలో క్రైస్తవం బోధించిన పాట్రిక్ పేరున చేసుకునే పండగ. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ఈ పండగ ఎలా చేసుకునేవారో అడిగి రాసుకు రండి’ అని టీచర్ చెప్పిందట. పిల్ల వీడియో కాల్‌లో నన్ను అడిగింది. ‘మనకి ఆ పండగ లేదమ్మా’ అనేశాను. మొహం చిన్నబుచ్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదో ఒక కథ అల్లి చెప్పనా? ఏం చెయ్యను?
— ఒక అమ్మమ్మ, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: కథ అల్లకండి అమ్మా. పిల్లలు పట్టేస్తారు, తర్వాత మీ నిజం మాటలు కూడా నమ్మరు. మీ దగ్గర చెప్పడానికి చాలా ఉంది.

2018లో నేను ఐర్లండ్‌లోనే కార్క్ నగరంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడాది పాట్రిక్ పండగ శనివారం, మర్నాడు ఆదివారం మన ఉగాది. ఎముకలు కొరికే చలి. రగ్బీలో ఐర్లండ్ ఇంగ్లండ్‌ని ఓడించిందని వీధంతా ఒకటే కేకలు. సాయంత్రం పక్కింటి పెద్దావిడ వచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. కోటు మీద చిన్న ఆకుల గుత్తి పిన్నుతో గుచ్చుకున్నారు. అదే షామ్‌రాక్. మన పెరళ్లలో మొలిచే పులిచింతాకులాగే కాడకి మూడేసి ఆకులు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటేనని పాట్రిక్ ఆ ఆకు చూపించే బోధించాడని అక్కడివాళ్ల కథ.

మీ మనవరాలు మిమ్మల్ని అడిగిందే నేను ఆవిడని అడిగాను, చిన్నప్పుడు ఏం చేసేవారని.

వాళ్లది పల్లెటూరు. ముందు రోజు వాళ్ల నాన్న పొలం గట్ల వెంట వంగి వంగి షామ్‌రాక్ ఏరి తెచ్చేవాడట. సాసర్‌లో నీళ్లు పోసి, అందులో వేసి కిటికీలో పెట్టేవారు. పొద్దున్నే అందరి కోట్లకీ గుచ్చి చర్చికి తీసుకెళ్లేవారు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలంలోనే ఈ పండగ పడుతుంది. మన విశాఖ రాస్ హిల్ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలకి ఆ రోజులు బాగా తెలుసు. అక్కడ పిల్లలు ఆ నలభై రోజులూ మిఠాయి మానేసి, ఎవరు ఏమిచ్చినా సీసాలో దాచుకునేవారు. పాట్రిక్ పండగ నాడు మాత్రం మూత తీయొచ్చు. ‘ఆ మూత తీసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది’ అన్నారావిడ. ఇప్పుడు టీవీలో చూపించే ఊరేగింపులు, ఆకుపచ్చ టోపీలు వాళ్ల ఊళ్లో ఉండేవి కావు. ఆ రోజు పబ్బులు కూడా చట్టప్రకారం మూసేసేవారట.

ఇంకొకటి చెప్పారు. పండగకి రెండు వారాల ముందే వాళ్లమ్మ కాస్త షామ్‌రాక్‌ని తడి నాచులో చుట్టి, కవర్లో పెట్టి, బోస్టన్‌లో ఉన్న చెల్లెళ్లకి పోస్టు చేసేది. చేరేసరికి వాడిపోయేది. వాళ్లు ఆ వాడిన ఆకే గుచ్చుకుని చర్చికి వెళ్లేవారు.

అది విన్నాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మర్రిపాలెంలో మా రైల్వే క్వార్టర్ వెనక వేపచెట్టు ఉండేది. ఉగాది దగ్గర పడగానే అమ్మ రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద పాత నూలు చీర పరిచేది. తెల్లారేసరికి దాని మీద పువ్వు రాలి ఉండేది. నేను కాడలు ఏరేదాన్ని. అమ్మ పువ్వుని అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో వేసి చెరిగేది. తెల్లటి రేకులు ఒక పక్కకి, పచ్చటి పొట్టు ఒక పక్కకి. ఆ చేదు వేళ్లకి పట్టేసి, సబ్బుతో కడిగినా పోయేది కాదు. అనకాపల్లి బెల్లం దిమ్మని కొట్టడం తమ్ముడి పని. కొట్టినంత సేపూ నోట్లో ముక్క ఉండాల్సిందే. మిగిలిన పువ్వు నీడన ఆరబెట్టి, కవర్లో పెట్టి ఖరగ్‌పూర్‌లో మా మేనత్తకి పంపేది అమ్మ. అక్కడ వేపచెట్లు లేక కాదు. మన ఇంటి చెట్టు పువ్వే కావాలని అత్త ఉత్తరం రాసేది.

ఇదంతా చెప్తే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు ఉగాది పచ్చడికి కూడా వచ్చారు. పచ్చి మామిడికాయ దొరక్క, అక్కడ వంటకి వాడే బ్రామ్లీ ఆపిల్ వేశాను. పుల్లగా భలే కుదిరింది. ఇండియన్ షాపులో కొన్న వేపపువ్వుకి మాత్రం వాసనే లేదు. ఆవిడ మొదటి చెంచాకి కళ్లు గట్టిగా మూసుకున్నారు, రెండోది అడిగి వేయించుకున్నారు.

అందుకని మీ మనవరాలితో ఇలా అనండి: ‘మాకు పాట్రిక్ పండగ లేదు కానీ, ఆ రోజుల్లోనే మాకో పండగ ఉంది. అప్పుడు మేం ఏం చేసేవాళ్లమో రాసుకో.’ మీ ఇంట్లో వేపపువ్వు ఎవరు తెచ్చేవారు, చేదని ఎవరు పేచీ పెట్టేవారు, పంచాంగం ఎవరు చదివేవారు, అన్నీ చెప్పండి. టీచర్ ఏమంటుందోనని టెన్షన్ పడకండి. ఆ పాట్రిక్ కూడా ఐర్లండ్‌లో పుట్టినవాడు కాడు. రోమన్ల ఏలుబడిలో ఉన్న బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్లప్పుడు దోపిడీదారులు ఎత్తుకుపోతే ఐర్లండ్‌లో ఆరేళ్లు మందలు కాశాడు, తప్పించుకుని ఇంటికి చేరాడు, మళ్లీ తనంతట తానే తిరిగి వెళ్లాడు. ఇది కూడా పిల్లకి చెప్పండి, తన వ్యాసంలో రాసుకుంటుంది.

ఈ ఏడాది, అంటే 2026లో, పాట్రిక్ పండగ మార్చి 17 మంగళవారం, ఉగాది 19 గురువారం. ఎవరైనా డబ్లిన్ వెళ్తుంటే మామిడికాయలు మాత్రం కట్టివ్వకండి, తెగుళ్లు లేవనే ధ్రువపత్రం లేకపోతే అక్కడ తీసేసుకుంటారు. దానికి బదులు ఫోన్ పట్టుకుని మీ దగ్గర్లో ఉన్న వేపచెట్టు కిందకి వెళ్లండి. మనకి మధ్యాహ్నం పన్నెండున్నర అయితే అక్కడ ఉదయం ఏడు. పిల్ల బడికి బయల్దేరే లోపు పువ్వు రాలడం చూపించొచ్చు.