ఆయనకు పల్లె కావాలి, నాకు భయంగా ఉంది

ప్రశ్న: నమస్తే అక్కా. మాది గుంటూరు, విద్యానగర్. నాకు 31 ఏళ్ళు, బీఎస్సీ నర్సింగ్ చేశాను, ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ డ్యూటీ. మా వారికి 36, సివిల్ ఇంజినీరు, ఆఫీసు విజయవాడలో. పొద్దున ఏడింటికి బండి తీస్తే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి తొమ్మిదికి. కాజ టోల్‌గేటు దగ్గరా, వారధి మీదా ట్రాఫిక్‌లోనే ఆయన ఓపికంతా అయిపోతోంది. ఏడాదిగా ఆయనది ఒకటే ధ్యాస: పెద్ద నగరాల బయట ఉండి పనిచేయాలనే షరతుతో ఇచ్చే 491 వీసా మీద ఆస్ట్రేలియా వెళ్ళిపోయి ఏదైనా చిన్న ఊళ్ళో, చుట్టూ రెండెకరాల స్థలం, నాలుగు కోళ్ళు, ఎవరి గోలా లేకుండా బతుకుదాం అంటారు. నేనేమో బ్రాడీపేటలో పుట్టి పెరిగినదాన్ని, వీధిలో మనిషి అలికిడి లేకపోతే నాకు నిద్ర పట్టదు. పిల్లలు ఇంకా లేరు, త్వరలో అనుకుంటున్నాం. అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలిలో ఉంటారు, ఇద్దరికీ షుగరు. నర్సులకి అక్కడ బాగా డిమాండు, నువ్వు ఊ అంటే చాలు అంటున్నారు అందరూ. కాదంటే ఆయన కల చెడగొట్టినదాన్ని అవుతానేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీ భయాన్ని మింగేసి మాత్రం ఊ అనకండమ్మా. వెళ్ళొద్దని నేను అనడం లేదు, మీ ఇద్దరి చదువులకీ అక్కడ దారి ఉంది. కానీ వీసా వస్తుందా రాదా అన్నదాని మీదే మీ ఇంట్లో మాటలన్నీ నడుస్తున్నట్టున్నాయి, వచ్చాక అక్కడ రోజు ఎలా గడుస్తుందో ఎవరూ మాట్లాడినట్టు లేదు.

ముందు 491 సంగతి. 2019 నవంబరులో మొదలైన ఈ వీసా తీసుకుంటే పొలాల మధ్యకే పోవాలని ఎక్కడా లేదు. సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ నగరాలు తప్పిస్తే దాదాపు మిగతా దేశమంతా దీని కిందికే వస్తుంది, అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా. ఐదేళ్ళకు ఇస్తారు, ఆ ప్రాంతాల్లోనే ఉండి పనిచేసి మూడేళ్ళయ్యాక పన్ను కాగితాలు చూపించి 191 అనే పర్మనెంట్ వీసాకి అప్లై చేసుకోవచ్చు. ఈ షరతు మీ ఇద్దరికీ వర్తిస్తుంది, ఒకరు పల్లెలో ఉండి ఇంకొకరు సిడ్నీలో ఉద్యోగం చేస్తామంటే కుదరదు. కాబట్టి మీ ముందున్నవి గుంటూరు, అడవి మధ్య ఒంటరి ఇల్లు అనే రెండే దారులు కావు. ఆ రెండింటికీ మధ్యలో అడిలైడ్ లాంటి నగరం ఉంది, బెండిగో, టూవూంబా లాంటి ఊళ్ళున్నాయి, వాటిలో పెద్దాస్పత్రి ఉంటుంది, ఇంజినీర్లకి పని ఉంటుంది, పది నిమిషాలు కారు నడిపితే ఊరు దాటేసి పచ్చటి పొలాల్లో పడతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇది మీ వారిని కూర్చోబెట్టి అడగండి: ఆ చిన్న ఊళ్ళో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మీరేం చేస్తుంటారండీ అని. ఎందుకంటే ఒంటరితనం మీకే వస్తుందని మీరు భయపడుతున్నారు, నాకు ఆయన గురించే ఎక్కువ దిగులుగా ఉంది. మీకు ఆస్పత్రి ఉంటుంది, తోటి నర్సులుంటారు, రోజూ పదిమందితో మాట ఉంటుంది. ఆయనకి అక్కడి రూల్సు, అక్కడి అనుభవం లేకుండా చిన్న ఊళ్ళో సివిల్ పని దొరకడానికి టైమ్ పట్టొచ్చు. ఈలోపు ఉన్న ఒక్క కారూ మీరు డ్యూటీకి తీసుకెళ్ళిపోతారు. మెయిన్ వీధిలో షాపులు సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా మూసేస్తారు, ఊళ్ళో తిరిగే బస్సు ఉంటే అదృష్టం, ఆదివారం అదీ ఉండదు. జులైలో అక్కడ చలికాలం, ఐదున్నరకే చీకటి. పని చేసి అలిసిపోయి వచ్చిన మనిషికి ఆ ప్రశాంతత హాయిగా ఉంటుంది. పని లేని మనిషిని ఆ ప్రశాంతతే నెల తిరక్కుండా తినేస్తుంది.

ఆ రెండెకరాల సంగతి కూడా చెప్పాలి, వీడియోల్లో ఇది కనపడదు. ఊరికి దూరంగా ఉన్న చాలా ఇళ్ళకి మున్సిపల్ నీళ్ళుండవు, ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్ళు ట్యాంకుల్లో పట్టుకుని అవే తాగాలి, వాన పడకపోతే ట్యాంకరు తెప్పించుకోవాలి. సెప్టిక్ ట్యాంకు బాధ్యత మీదే. ఎండాకాలం రాకముందే గడ్డి మొత్తం కోయించాలి, లేకపోతే కార్చిచ్చు వచ్చినప్పుడు ముందు అంటుకునేది ఆ ఎండు గడ్డే. 2019-20 వేసవిలో అక్కడి అడవులూ ఊళ్ళూ ఎలా తగలబడ్డాయో టీవీలో మనమంతా చూశాం. ఇక మీకు నైట్ షిఫ్ట్ ఉంటుంది కదా, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఒక్కరే కారు నడుపుకుంటూ రావాలి. కంగారూలు రోడ్డు మీదికి ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ వేళకీ, మళ్ళీ సందె వేళకీ, అందుకే అక్కడ చాలా కార్లకి ముందు ఇనప బార్లు కనిపిస్తాయి. మీకు కారు నడపడం వచ్చా? ఉత్తరంలో రాయలేదు. రాకపోతే రేపే ఏదైనా డ్రైవింగ్ స్కూల్లో చేరండి, అక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు. చిన్న ఊళ్ళో ఇద్దరికీ డ్రైవింగ్, ఇద్దరికీ చెరో బండీ లేకుండా కాపురం పెట్టొద్దు, ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టండి.

పిల్లల సంగతి. వీసా మెడికల్స్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది, గర్భంతో ఉంటే మామూలుగా దాన్ని కాన్పు అయ్యేదాకా వాయిదా వేస్తారు, దాంతో వీసా కూడా ఆగుతుంది. అందుకని బిడ్డ ముందా వీసా ముందా అనేది మీ ఇద్దరూ కలిసి ఇప్పుడే అనుకోవాలి, దాన్ని ఫైలుకి వదిలేయకండి. నా అభిప్రాయం అడిగితే, వీసా కోసం బిడ్డని ఏళ్ళ తరబడి వాయిదా వేయొద్దు. 491 ఉన్నవాళ్ళకి అక్కడి ప్రభుత్వ వైద్యం, మెడికేర్, వర్తిస్తుంది. కానీ చిన్న ఊళ్ళ ఆస్పత్రులు చాలావాటిలో కాన్పులు చేయరు, పెద్ద ఊరికి వెళ్ళాలి. మీరు నర్సు, ఐసీయూలో పనిచేసే మనిషి, గంటన్నర దూరం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరు ఎంచుకునేటప్పుడు అద్దె ఎంత అని చూసే ముందు ఇది చూడండి.

అత్తయ్యగారూ మామయ్యగారూ. వాళ్ళని తర్వాత తీసుకెళ్ళిపోదాం అని మీ వారు అనుకుంటూ ఉంటే ఆ లెక్క సరిచేయండి. 491 మీద ఉన్నప్పుడు తల్లిదండ్రుల వీసాకి స్పాన్సర్ చేయడం కుదరదు. పర్మనెంట్ అయ్యాక చేసినా ఆ క్యూ ఏళ్ళూ దశాబ్దాలూ నడుస్తుంది, పిల్లల్లో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలి లాంటి షరతులు వేరే. అప్పుడు 870 అనే తాత్కాలిక వీసా ఒకటి ఉంది, మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇస్తారు, ఖర్చు ఎక్కువే. అంటే రాబోయే కొన్నేళ్ళు అర్ధరాత్రి షుగరు పడిపోతే తెనాలిలో వాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఎవరో పేరుతో సహా తేలాలి. మరిదో ఆడపడుచో ఉంటే వాళ్ళతో మొహమాటం లేకుండా మాట్లాడండి, ఈ మాట కోడలి నోటి నుంచి కాకుండా కొడుకు నోటి నుంచే రావాలి.

ఇంకొకటి. ఆయనకి కావలసింది ఆస్ట్రేలియానా, ఆ రోడ్డు తప్పడమా? దీన్ని తేలిగ్గా అనడం లేదు, రోజుకి పద్నాలుగు గంటలు ఇంటి బయట ఉండే మనిషికి ఏ ఊరైనా స్వర్గంలాగే కనపడుతుంది. ముందు మంగళగిరిలో ఇల్లు అద్దెకి తీసుకుని చూడండి, ఇద్దరి ఉద్యోగాలకీ మధ్యలో పడుతుంది. ఆయన సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండగలిగితే, నాలుగు నెలలు అలా గడిచాక కూడా ఆ కోళ్ళూ ఆ రెండెకరాలూ కావాలనిపిస్తే అది నిజమైన కోరికే, అప్పుడు మీరూ దానికి తోడు నిలబడండి.

ఈలోపు కాగితాల పని ఎలాగూ నెలలు పడుతుంది, మొదలుపెట్టడంలో నష్టం లేదు. ముందుగా పేర్లు. మన తెలుగువాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి: టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు. మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పెళ్ళి రిజిస్టర్ చేయించకపోతే అదీ చేయించండి, శుభలేఖా ఫొటోలూ మాత్రమే ఉంటే చాలవు. ఈ వీసాకి పాయింట్ల లెక్క ఉంటుంది. మీ వయసుకి వచ్చే పాయింట్లు 32 దాకా 30, 33 నిండితే 25కి పడిపోతాయి, అదీ వీసాకి అప్లై చేసుకోమని ఆహ్వానం వచ్చిన రోజు వయసుని బట్టి. ఇంగ్లిష్ పరీక్ష ఆయన్ని కూడా సీరియస్‌గా రాయమనండి, ఆయన చదువు అక్కడి పనికి సరిపోతుందనే స్కిల్ అసెస్‌మెంట్ కూడా వస్తే ఇంకో 10 పాయింట్లు కలుస్తాయి. అది ఉంటే అక్కడ ఆయన ఉద్యోగ ప్రయత్నానికీ పనికొస్తుంది.

మీ వైపు, ఇండియాలో చదివిన నర్సులు చాలామంది ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ పరీక్ష రాసి, ఆ తర్వాత అడిలైడ్ వెళ్ళి ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. మీకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ పరీక్షకి మీరొక్కరే వెళ్ళి రాకండి, ఆయన్నీ తీసుకెళ్ళండి. పరీక్ష అయ్యాక అక్కణ్ణుంచి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ముర్రే నది ఒడ్డున రెన్మార్క్, బెర్రి అనే ఊళ్ళున్నాయి, నారింజ, ద్రాక్ష తోటలు. ఒక చిన్న ఇల్లు తీసుకుని వారం పది రోజులు ఉండండి. చూడ్డానికి వెళ్ళినట్టు కాకుండా వంట చేసుకుంటూ, సరుకులకి వెళ్తూ, ఆయన ఇంజినీరింగ్ ఆఫీసుల్లో పని గురించి అడుగుతూ, మీరు ఆస్పత్రి చూస్తూ. రాత్రి తొమ్మిదింటికి బయట నిలబడి మీకు భయమేస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. భయమేస్తే ఆయనకి అక్కడే చెప్పండి. మొదటి రెండేళ్ళు అడిలైడ్‌లో ఉందాం, నా చుట్టూ మనుషులు ఏర్పడ్డాక పల్లె సంగతి చూద్దాం అనడం ఆయన కల చెడగొట్టడం కాదు.

---

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ పటమట. కొత్తగా పెళ్ళయింది. కెనడాలో పల్లె ప్రాంతాల స్కీము కింద ఇద్దరికీ పీఆర్ గ్యారంటీ, జాబ్ ఆఫర్ కూడా మేమే ఇప్పిస్తాం, 12 లక్షలు అంటున్నాడు ఒక కన్సల్టెంటు. సగం ముందు కట్టమంటున్నాడు. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దు. స్కీము నిజమే, 2025 జనవరిలో మొదలైంది, 14 చిన్న ప్రాంతాలు అందులో ఉన్నాయి: థండర్ బే, సడ్బరీ, మూస్ జా, బ్రాండన్, క్లేర్స్‌హోమ్ లాంటివి. కానీ ఆ ఊరి సంస్థ గుర్తించిన యజమాని మాత్రమే ఆఫర్ ఇవ్వాలి, ఆ తర్వాత ఆ ఊరే మిమ్మల్ని సిఫారసు చేయాలి. పీఆర్ గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ కన్సల్టెంటుకీ లేదు, జాబ్ ఆఫర్ అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం, దొరికితే మీ ఫైలు కూడా మునుగుతుంది. ఆయన్ని కెనడా లైసెన్సు నంబరు అడగండి, ఆ నంబరు అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైటులో మీరే వెతకండి. ఆస్ట్రేలియాకైతే వీసా ఏజెంట్లకి ఉండే మారా రిజిస్ట్రేషన్ నంబరు ఇలాగే చూసుకోవచ్చు. నంబరు చెప్పడానికి నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. ఆ ఊళ్ళు ఒక్కొక్కటీ ఏ రంగాల్లో మనుషులు కావాలో సొంత వెబ్‌సైటులో పెడుతున్నాయి, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. వెళ్ళాలనే నిర్ణయం కంటే ముందు ఆ ఊళ్ళ జనవరి చలి గురించి కూడా మీ ఆవిడతో మాట్లాడండి.

---

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఐర్లండులో ఒక చిన్న ఊరికి వెళ్ళి స్థిరపడుతున్నారు. అమ్మాయి పేరున దుగ్గిరాల దగ్గర ఎకరంన్నర ఉంది. ఎన్నారై అయితే పొలం ఉండకూడదంటున్నారు, వెళ్ళేలోపు అమ్మేయాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: అక్కర్లేదు మాస్టారూ. ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదైనా, వారసత్వంగా వచ్చినదైనా వ్యవసాయ భూమిని ఎన్నారై ఉంచుకోవచ్చు. వెళ్ళాక కొత్తగా పొలం కొనడానికి మాత్రం వీల్లేదు, అందువల్ల తొందరపడి అమ్మితే మళ్ళీ కొనుక్కోవడం కుదరదు. వెళ్ళే ముందు 1బీ, అడంగల్‌లో పేరూ విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో మీభూమి వెబ్‌సైటులో చూసుకోండి, బ్యాంకు ఖాతాని ఎన్నారైలకి ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించండి. మీ పేరున పవరాఫ్ అటార్నీ రాయించదలిస్తే అమ్మాయి ఇక్కడ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, అందులో కౌలుకివ్వడం, శిస్తు కట్టడం, ఆఫీసుల్లో సంతకాలు పెట్టడం లాంటివి విడివిడిగా రాయించండి, అమ్మే అధికారం అవసరమైతే తప్ప వద్దు. కౌలుకిస్తే భూమి పోతుందని కొందరు భయపెడతారు. 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే, కౌలు రైతుకి కార్డు ఇచ్చినంత మాత్రాన యజమాని హక్కు ఎక్కడికీ పోదు. ఆ కార్డు ఉంటే ఆయనకి పంట రుణం, నష్టపరిహారం అందడానికి దారి ఉంటుంది, కాబట్టి నిజంగా సాగు చేసే మనిషికి సంతకం పెట్టి ఇవ్వండి.