ఇల్లు అమ్మకండి, ముందు బండి అద్దెకు తీసుకోండి

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మావారు పీణ్యలో టూల్‌రూమ్ మనిషి. సొంతూరు మదనపల్లె దగ్గర, కాపురం బెంగళూరు రామమూర్తి నగర్‌లో. ఏడాదిలో సగం రోజులు ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌లోనే వండుకుని, తిని, పడుకుంటామని పోయిన సంచికలో చెప్పాను కదా, దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవి జవాబులు. ఉత్తరాలు కుదించాను. పేర్లు వేయలేదు. కొందరు ఇంట్లో తెలియకుండా రాశారు మరి.

ప్రశ్న: మావారు బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యారు. వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ అమ్మేసి, ఆ డబ్బుతో వ్యాన్ చేయించుకుని, మిగిలింది డిపాజిట్ వేసి దేశమంతా తిరుగుదామంటున్నారు. తిరగాలని నాకూ ఉంది. కానీ ఇల్లే లేకుండా ఎట్లా అని దడగా ఉంది. ఇది నా పిరికితనమా?
– ఒక సోదరి, వైట్‌ఫీల్డ్

జవాబు: పిరికితనం కాదమ్మా, మీరు లెక్క సరిగ్గా వేస్తున్నారు. తిరగండి, ఇల్లు మాత్రం అమ్మనివ్వకండి.

అరవై దాటాక ఒంట్లో ఏదో ఒకటి మొదలవుతుంది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయితే వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, దుమ్ము తగలకూడదు. మోకీలు మార్పించుకుంటే వ్యాన్ మెట్టు ఎక్కడమే గండం, స్టీరింగ్ సంగతి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు వెళ్లి పడుకోవడానికి మనదంటూ ఒక మంచం, పక్కనే బాత్‌రూము ఉండాలి. కూతురింట్లోనో కొడుకింట్లోనో ఉంటాం అంటారా, నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఆపై ఏమవుతుందో నేను చెప్పాలా! ఆధార్, బ్యాంకు, ఓటు, బండి ఆర్సీ, ఇన్సూరెన్సు, అన్నిటికీ అడ్రసు కావాలి. ఫ్లాట్ పెద్దదనిపిస్తే అద్దెకిచ్చి, ఊరి బయట ఒక చిన్న గది తీసుకోండి. మేము కింద పోర్షన్ అద్దెకిచ్చి, పైన ఒక గది మాకు ఉంచుకున్నాం. ఆ అద్దె డబ్బు డీజిల్‌కు పోతుంది.

మీవారు ఫోన్లో విదేశాల వీడియోలు చూసి ఉంటారు. ఆస్ట్రేలియాలో ఇలా తిరిగే పెద్దవాళ్లను గ్రే నోమాడ్స్ అంటారు. వాళ్లకు దారి పొడుగునా క్యారవాన్ పార్కులున్నాయి. అక్కడ కరెంటు ప్లగ్గు, నీళ్ల కొళాయి, టాయిలెట్ ట్యాంకు పారబోసుకునే చోటు అన్నీ ఒక్క దగ్గరే ఉంటాయి. మన దగ్గర కేరళ 2021లో క్యారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది, వాగమన్‌లో పార్కు కూడా పెట్టారు. మిగతా చోట్ల మనకు దిక్కు పెట్రోలు బంకు, గుడి సత్రం, తెలిసినవాళ్ల దొడ్డి. అందుకే మీవారిని బండి రంగు, కర్టెన్ల గురించి కాదు, నీళ్ల గురించి అడగండి. వంద లీటర్ల ట్యాంకు నిండితే వంద కిలోలు. పొదుపుగా వాడినా ఇద్దరికీ రోజుకు పాతిక, ముప్పై లీటర్లు అవుతాయి. అంటే మూడో రోజుకో నాలుగో రోజుకో కొళాయి వెతుక్కోవాలి. టాయిలెట్ కింద ఉండే డబ్బా, క్యాసెట్ అంటారు, అది నిండితే ఎక్కడ పారబోస్తారు? పొలం గట్టున పోస్తే తంతారు, తన్నాలి కూడా. మేము పోర్టబుల్ టాయిలెట్‌ను రాత్రిపూటకే వాడతాం. పగలు బంకుల్లో, సులభ్‌లలో సరిపెట్టుకుంటాం. క్యాసెట్‌ను డబ్బులిచ్చి సులభ్‌లోనే ఖాళీ చేస్తాం. ఈ పని ఎవరిది అన్నది బండి కొనకముందే తేల్చుకోవాల్సిన మాట. మా ఇంట్లో అది మావారిది. నేను ఉద్యోగంలో ఉండగా చాలా చేశాను.

ఇంకోటి. లోపలి జాగా పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కోపమొస్తే వెళ్లి కూర్చోవడానికి ఇంకో గది ఉండదు. అందుకని ఒకే చోట ఎక్కువ రోజులు ఆగడం అలవాటు చేసుకోండి. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఒక్క ఊపున పోయొచ్చామని చెప్పుకునేవాళ్ల ముఖాలు చూశాను, పెళ్లి సామాను మోసినవాళ్లలా ఉంటారు. లేపాక్షిలో పది రోజులు ఉన్నారనుకోండి, ఆయన పొద్దున వాకింగ్ పేరుతో వీరభద్రుడి గుడికి వెళ్తారు, మీకు కాసేపు ఒంటరిగా కాఫీ దక్కుతుంది.

సంతకాల కంటే ముందు, క్యాంపర్ వ్యాన్లు అద్దెకిచ్చేవాళ్లు బెంగళూరులో ఉన్నారు, వాళ్ల దగ్గర ఒకటి తీసుకుని పది రోజులు ఉండి చూడండి. ఎండాకాలంలో. అక్టోబరులో ఎవరికైనా నచ్చుతుంది. ఆ పది రోజుల్లో బండిని మీరు కూడా నడపండి. మీకు నడపడం రాకపోతే, ఆయనకు జ్వరం వచ్చిన రోజు ఇద్దరూ హైవే పక్కన కూర్చోవాలి.

ప్రశ్న: పన్నెండు సీట్ల పాత పసుపు బోర్డు టీటీ (టెంపో ట్రావెలర్) ఒకటి చవగ్గా వస్తోంది. సీట్లు పీకేసి మంచం, కిచెన్ పెట్టించుకుంటే చాలు కదా? మా మెకానిక్ ఆర్టీవోకు చెప్పక్కర్లేదంటున్నాడు.
– ఒక పాఠకుడు, హొసకోట

జవాబు: పోలీసు ఆపిన రోజు మీ మెకానిక్ పక్క సీట్లో ఉండడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న బండికీ రోడ్డు మీదున్న బండికీ తేడా రాకూడదు. తేడా తేవాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. మంచం దేనికి బిగించారు, గ్యాస్ ఎక్కడ పెట్టారు, ప్రయాణంలో కూర్చునేవాళ్లకు బెల్టులున్నాయా లాంటివన్నీ అందులో వస్తాయి. పని అయ్యాక ఆర్సీలో తరగతి మోటార్ క్యారవాన్ అని మారాలి. పసుపు బోర్డును తెల్ల బోర్డు, అంటే అద్దె బండిని సొంత వాడకపు బండి చేయించడం ఇంకో తతంగం, ట్యాక్సు మళ్లీ వేరే. ఇవన్నీ కలిపితే చవక బండి చవకగా మిగలదు. ఈ పని చేసి, కాగితాలతో సహా చేతికిచ్చే వర్క్‌షాపు అయితేనే అడ్వాన్సు ఇవ్వండి. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పులు రాసి చెప్పండి. చెప్పకపోతే ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర అదే సాకవుతుంది.

తెల్ల బోర్డుతో ఒక లాభం చెప్తాను. జాతీయ రహదారుల టోళ్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు 2025 ఆగస్టు 15న వచ్చింది, అప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాదికో 200 ట్రిప్పులకో, ఏది ముందైతే అది. సొంత వాడకపు కారు, జీపు, వ్యాన్లకే ఇస్తారు. మీ బండి ఫాస్టాగ్‌లో ఏ తరగతి కింద ఉందో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

అన్నట్టు, బండి ఎత్తు కొలిచారా? అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లోకి టీటీ దిగదు. వీధిలో పెడితే ఎదురింటివాళ్లతో రోజూ పంచాయితీ. మేము ఆవలహళ్లి అవతల ఒక ఖాళీ సైటు యజమానికి నెలకింత అని ఇచ్చి అక్కడ పెడతాం.

ప్రశ్న: సోలార్‌తో ఏసీ నడుస్తుందా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: నడుస్తుంది, రెండు గంటలు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు ఉంటుంది. టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు పెట్టినా మంచి ఎండ రోజున వచ్చేది ఒకటిన్నర యూనిట్, కాస్త అటూ ఇటూ. చెట్టు నీడన ఆపితే అదీ రాదు. ఎండలో ఆపితే బండి కాలిపోతుంది. మేము ఏసీ పెట్టించలేదు. తక్కువ కరెంటు తాగే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక చిన్న ఫ్రిజ్, లైట్లు, అంతే. ఎస్పీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి మావారే వైరింగు చేశారు. మే నెలలో కడప, కర్నూలు ముఖం చూడం. హార్స్లీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైన ఉంది, మా ఊరి నుంచి ఎంతో దూరం లేదు. ఊటీ, కొడైకెనాల్ అయితే 2024 మే నుంచి ఈ-పాస్ తీసుకుని వెళ్లాలి, బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ప్రశ్న: నాన్నకు 71. ఇన్సులిన్ మీద ఉన్నారు. అమ్మను తీసుకుని వ్యాన్‌లో తిరుగుతానని పట్టుబడుతున్నారు. నేనూ మా అక్కా ఎంత చెప్పినా వినడం లేదు. ఎలా ఆపాలో చెప్పండి.
– ఒక అబ్బాయి, బెళ్లందూరు

జవాబు: ఆపే మంత్రం నా దగ్గర లేదు నాయనా. షుగరున్న మనిషి తిరగకూడదని ఏ డాక్టరూ అనడు. నడపొచ్చా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ముందు కళ్లు చూపించు, అదీ రెటీనా దాకా. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, రెన్యువల్‌కు ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. మనిషిని చూడకుండా సంతకం పెట్టే డాక్టర్లూ ఉన్నారు, అలాంటి చోటికి తీసుకెళ్లకు.

ఇన్సులిన్ సంగతి వివరంగా చెప్తాను, ఇది నేను వార్డులో రోజూ చూసిన పని. తెరవని పెన్నులు, వయల్స్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందా, పారేయాల్సిందే, కరిగించి వాడకూడదు. అందుకే వ్యాన్ ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టొద్దని అమ్మకు చెప్పు. వాడకంలో ఉన్నది చాలా రకాలకు నాలుగు వారాల వరకు బయట ఉండొచ్చు, కానీ బయట అంటే 25, 30 డిగ్రీల లోపు. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో మూసి ఉంచిన బండి లోపల అలా ఉండదు. డ్యాష్‌బోర్డు మీద పెన్ను పెట్టి టీకి దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెన్ను ఇక పని చేస్తుందో లేదో చెప్పలేం. డోసు వేసుకున్నా షుగరు దిగకపోతే మందు పాడైందేమో అని మొదట అనుమానించాలి.

స్టీరింగ్ పట్టే ముందు గ్లూకోమీటరుతో చూసుకోవాలి, దారిలోనూ రెండు గంటలకోసారి. 70కి తగ్గితే తాళం ముట్టుకోకూడదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. అంకె మామూలుకు వచ్చాక కూడా కాసేపు కూర్చోవాలి, తల తేటపడ్డానికి టైము పడుతుంది. భోజనం ఆలస్యమయ్యే రోడ్ల మీద ఈ జాగ్రత్త రెట్టింపు. చక్కెర పొట్లం డ్రైవరు డోరులోనే ఉండాలి, వెనక కిచెన్ డబ్బాలో కాదు. చీకటి పడ్డాక నడపనని ఒట్టు వేయించుకో.

70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. అర్హులైతే అమ్మానాన్నలిద్దరికీ చేయించు. వెళ్లే దారిలో ఏ ఊళ్లో ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో ముందే చూసి పెట్టు. పెన్షన్‌దారు అయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వెనక్కి పరుగెత్తుకు రానక్కర్లేదు, జీవన్ ప్రమాణ్ ఫోన్లో ముఖం చూపించి చేసుకోవచ్చు. అది నేర్పడం నీ వంతు. ఎలా ఆపాలి అని అడిగావు, నేను పనులు అప్పజెప్పాను. కోపం వద్దు.

ప్రశ్న: నాకు 62. ఒంటరిదాన్ని. టీచరుగా చేశాను, కారు బాగా నడుపుతాను. నాలాంటి దానికి ఇది కుదురుతుందా, లేక జంటలకేనా?
– ఒక టీచరు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: కుదురుతుంది, కానీ టీటీ వద్దు టీచరమ్మా. ఐదు సీట్ల మారుతీ ఈకో చూడండి. వెనక సామాన్ల జాగా ఎక్కువ. బండిని కోయకుండా, సీట్లు పీకకుండా, రాత్రికి మడిచిన సీట్ల మీదుగా పరుచుకునే చెక్క పలకల మంచం చేయించుకోవచ్చు. తీసేస్తే మళ్లీ మామూలు కారు. సందుల్లో తిరుగుతుంది, బయటి నుంచి చూస్తే లోపల మనిషి పడుకుంటుందని ఎవరికీ తెలియదు. మీకు అదే పెద్ద రక్షణ.

అయితే రోజూ బండిలో పడుకోవాలని పంతం పెట్టుకోకండి. మనకు సత్రాలున్నాయి. శ్రీశైలం, తిరుపతి, మంత్రాలయం లాంటి చోట గది తీసుకుని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని మళ్లీ బయల్దేరొచ్చు. బండిలో పడుకునే రాత్రి అయితే వెలుతురున్న పెద్ద బంకు, సీసీ కెమెరా కింద, మేనేజరుకు చెప్పి, బండి ముక్కు రోడ్డు వైపు పెట్టి. సాయంత్రం ఐదుకే చోటు చూసుకోవాలి. ఆ చోటు మనసుకు నచ్చకపోతే కారణం వెతక్కుండా ముందుకు పోవాలి. 112, హైవే సాయానికి 1033 ఫోన్లో పెట్టుకోండి. ఒంటరిగా వచ్చానని దారిలో ఎవరికీ చెప్పకండి, వెనక బండిలో మా తమ్ముడు వస్తున్నాడు అనండి. ఈ అబద్ధానికి పాపం లేదు.

ప్రశ్న: కార్తీక మాసంలో వ్యాన్‌లో శ్రీశైలం వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: సోమవారాలు, పౌర్ణమి తప్పించి వెళ్లండి, లేకపోతే కొండ మీద ఆపడానికి చోటు ఉండదు. నల్లమల దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది, రాత్రి గేట్లు వేస్తారు, పొద్దు వాలకముందే అడవి దాటేలా బయల్దేరండి. కర్నూలులోనే నీళ్లు, డీజిల్ నింపేసుకోండి. కోతులు ఎక్కువ. పైకప్పు కిటికీకి ఇనుప జాలీ వేయించారా? దోమతెర జాలీ అయితే రెండు నిమిషాల్లో చింపి అరటిపళ్లతో పాటు మీ మందుల సంచీ కూడా తీసుకుపోతాయి.