పాము విషం మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. వాళ్ళ నాన్నకి ఫ్యాటీ లివర్ అని తేలింది. జంతువుల విషాల నుంచి లివర్ జబ్బులకి మందు తీయవచ్చని ఎక్కడో చదివి, నీట్ వద్దు, అదే చేస్తానని కూర్చుంది. ఇదీ ఒక చదువేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: చదువే అమ్మా. కాకపోతే మీరు భయపడుతున్న పాము అందులో దాదాపు కనబడదు.

ఒకసారి కొందరు పిల్లల్ని ఒక ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. అక్కడి స్కాలర్ ఫ్రీజర్‌లోంచి వేలెడంత సీసా తీసి చూపించింది. అడుగున చిటికెడు పసుప్పచ్చ పలుకులు. ఆరబెట్టిన నాగుపాము విషం అది. "మరి పామేదండీ?" అన్నాడొక కుర్రాడు. ఆమె నవ్వి, కంప్యూటర్ తెర మీద గోపురాల్లా లేచిన గీతలు చూపించింది. విషమంటే ఎన్నో ప్రోటీన్లు, పెప్టైడ్ల (అంటే చిట్టి ప్రోటీన్ ముక్కల) కలగలుపు. వాటిని హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో విడదీసి, ఏ గోపురం కింద పనికొచ్చే సరుకుందో పట్టుకోవడమే పని. అంటే ఇదంతా కెమిస్ట్రీ. అమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎలా ఉందో ముందు అడగండి. జువాలజీ ఒక్కటే ఇష్టమంటే నేనైతే వెళ్ళమనను.

లివర్ సంగతికొస్తే, ఆమె చదివింది గాలి కబురు కాదు. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో 39 అమైనో ఆమ్లాల ఎక్సెండిన్-4 అనే పెప్టైడ్‌ను జాన్ ఎంగ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1992లో ప్రకటించారు. మన ఒంట్లో షుగర్‌ని అదుపులో ఉంచే జీఎల్‌పీ-1 హార్మోన్ చేసే పనే ఇదీ చేస్తుంది. మనది రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతే, బల్లిది గంటల తరబడి నిలుస్తుంది. అదే 2005లో ఎక్సెనటైడ్ పేరుతో షుగర్ మందైంది. అదే వర్గానికి చెందిన సెమాగ్లూటైడ్‌కి 2025 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఫ్యాటీ లివర్ ముదిరి మచ్చకట్టే దశకి వాడటానికి అనుమతినిచ్చింది. సెమాగ్లూటైడ్ బల్లి విషం కాదు, మన హార్మోన్‌నే మార్చి చేసింది. కానీ ఆ దారిలో మందు చేయొచ్చని ముందు రుజువు చేసింది బల్లే. 1992 నుంచి 2025, లివర్ దాకా రావడానికి ముప్ఫై మూడేళ్ళు పట్టింది. మీ వారికి మాత్రం ఇప్పుడు కావాల్సింది లివర్ డాక్టరు, నడక. తేనెటీగ విషంలోని మెలిటిన్ మీద ఎలుకల్లో ప్రయోగాలు జరిగాయి కదా అని ఎవరైనా తేనెటీగలతో కుట్టించే వైద్యం చెబితే దణ్ణం పెట్టి పంపేయండి.

దారులు రెండు. ఎప్‌సెట్, అదే మన పాత ఎంసెట్, రాసి బీఫార్మసీ. తర్వాత బాలానగర్‌లోని నైపర్ అనే కేంద్ర ఫార్మసీ సంస్థలో పీజీ. లేదా ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థల ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. బైపీసీ వాళ్ళు కూడా రాయొచ్చు, తిరుపతిలోనూ ఐసర్ ఉంది. నేను రెండోదానికే మొగ్గుతాను. ఏది చదివినా పీహెచ్‌డీ తప్పదు, ఇంకో ఐదారేళ్ళు. కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పెట్టే నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. అమ్మాయికి ఇరవై ఏడు, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పెళ్ళి, జీతం అని తొందరపెట్టనంటేనే ఒప్పుకోండి. విషం నుంచి మందు రాకపోయినా చేతికొచ్చిన పెప్టైడ్ పని ఎక్కడికీ పోదు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలోని మందుల కంపెనీలకి కావాల్సింది అదే.

నీట్ మాననివ్వకండి, సిలబస్ చాలావరకు ఒకటే కాబట్టి నీట్, ఎప్‌సెట్, ఐసర్ మూడూ రాయనివ్వండి. సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ ఆవిర్భావ దినం. ఆ రోజుల్లో హబ్సిగూడలోని సీఎస్‌ఐఆర్ ల్యాబ్ సీసీఎంబీలో, అందరూ చూడొచ్చేలా ఓపెన్ డే పెడుతుంటారు. కనుక్కుని తీసుకెళ్ళండి, వాళ్ళ నాన్నని కూడా.