సైకిల్ ముచ్చట్లు: మెరక లెక్క ముందు, కిలోమీటర్ల లెక్క తర్వాత

ప్రశ్న: మేడమ్, పారిస్‌లో ఉద్యోగం. రోడ్ సైకిల్ కొని ఏడాదైంది. సీన్ నది పక్కన చదును రోడ్డు మీద 100 కిలోమీటర్లు హాయిగా తొక్కేస్తున్నాను. ఆల్ప్స్ అంటే మాత్రం ఇంకా భయం. కొండలు, అడవి, కార్లు తక్కువ... ఇవి మూడూ ఉన్న చోటు, రెండు రోజుల ట్రిప్‌కి ఏదైనా చెప్తారా?

మోర్వాన్‌కి వెళ్లండి. దిజోన్‌లో ఉంటున్న ఈ పదకొండేళ్లలో ప్రతి మే నెలా నేను వెళ్లేది అక్కడికే.

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతం మధ్యలో ఉన్న గ్రానైట్ కొండలవి. 1970 నుంచి ప్రాంతీయ ప్రకృతి పార్కు. అన్నిటికన్నా ఎత్తైన ఓ-ఫోలాన్ శిఖరం 901 మీటర్లే. ఆ అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. మొదటిసారి నేను అలాగే తీసుకుని, పొద్దున్నే జోరుగా తొక్కి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా కాళ్లు కదలక రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. అక్కడ పెద్ద కొండ ఉండదు, చదును కూడా ఉండదు. రెండు కిలోమీటర్లు ఎక్కుతాం, ఒకటిన్నర దిగుతాం, వాగు మీద చిన్న వంతెన వస్తుంది, దాటగానే మళ్లీ మెరక. అందుకే చెప్తున్నాను, అక్కడ రోజుకి ఎన్ని కిలోమీటర్లు అని ప్లాన్ వేసుకోకూడదు, ఎన్ని మీటర్లు ఎక్కాలి అని వేసుకోవాలి. మీరు చదును మీద వంద తొక్కుతున్నారు కాబట్టి మొదటి రోజుకి 50 కిలోమీటర్లు చాలు. వెనక చక్రానికి కనీసం 32 పళ్ల గేరు ఉండేలా చూసుకోండి.

పారిస్ బెర్సీ స్టేషన్‌లో టీఈఆర్ (ప్రాంతీయ రైలు) ఎక్కి అవలోన్‌లో దిగండి. అక్కడి నుంచి దక్షిణంగా కారే-లె-తోంబ్ ఊరికి. ఆ ఊరి చర్చి చుట్టూ వందకు పైగా రాతి శవపేటికలు, వాటి మూతలు వరుసగా పడి ఉంటాయి. వాటి పక్కనే బల్ల మీద కూర్చుని అరటిపండు తినడం నాకు ఆనవాయితీ. తర్వాత సాం-తన్యా చెరువు మీదుగా సాం-బ్రిసోన్. పార్కు ఆఫీసు అక్కడే ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఈ అడవుల్లో దాక్కుని జర్మన్లతో పోరాడిన వాళ్ల మ్యూజియం కూడా. ఒక గంట దానికి ఇవ్వండి. రాత్రికి సెతోన్ చెరువు దగ్గర ఆగండి.

ఆ చెరువు 1858లో కట్టిన డ్యామ్ వల్ల వచ్చింది. ఎందుకు కట్టారో తెలిస్తే మరుసటి రోజు మీకు అడవి వేరేగా కనిపిస్తుంది. పారిస్ ఇళ్లలో పొయ్యిలు వెలిగించడానికి వంటచెరకు వందల ఏళ్ల పాటు ఇక్కడి నుంచే వెళ్లింది. దుంగలు నరికి వాగుల్లో పడేసేవారు, చెరువు నీళ్లు ఒక్కసారిగా వదిలితే అవి కొట్టుకుపోయి యోన్ నదిలో కలిసేవి, అక్కడ తెప్పలుగా కట్టి పారిస్‌కి తోలేవారు. మీరు రైల్లో వచ్చిన దారే, ఎదురు దిశలో.

రెండో రోజు ప్లాంషే, ఆర్లఫ్ దాటి ఓ-ఫోలాన్ అడవిలోకి ఎక్కండి. ఈ దారి అంటే నాకు ప్రాణం. మొదట బీచ్ అనే వెడల్పాటి ఆకుల చెట్లు. మే నెలలో ఆకు ఎంత పలచగా ఉంటుందంటే, నీడ కూడా ఆకుపచ్చగానే మన చేతుల మీద పడుతుంది. మలుపు తిరగ్గానే సూదుల్లాంటి ఆకులుండే డగ్లస్ ఫర్ చెట్లు మొదలవుతాయి. అన్నీ ఒకే ఎత్తు, గీత గీసినట్టు వరుసలు, కింద గడ్డి కూడా లేదు, పిట్ట కూత లేదు. గాలి రెండు మూడు డిగ్రీలు చల్లబడ్డట్టు ఒళ్లు జలదరిస్తుంది. కలప కోసం పాత అడవి కొట్టేసి ఇవి నాటుతూ వచ్చారు. నాలుగేళ్ల కిందట నేను నీడలో ఎక్కిన ఒక కిలోమీటరు ముక్క, నిరుడు వెళ్లేసరికి మొత్తం మోళ్లు. ఎండలో ఆ మోళ్ల మధ్య ఎక్కుతుంటే ఏడుపొచ్చింది. అక్కడి జనం కూడా ఈ నరికివేతల మీద గట్టిగానే పోరాడుతున్నారు, వాళ్ల పక్షమే నేను.

అక్కడి నుంచి సాం-ప్రి, సాం-లెజే మీదుగా ఎతాం స్టేషన్‌కి దిగిపోవచ్చు. దిజోన్–నెవేర్ లైను మీద ఉంటుంది. ఓపిక మిగిలితే దారిలో బవ్రే కొండ. క్రీ.పూ. 52లో గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు) తెగలు రోమన్ల మీదికి వెర్సింజెటోరిక్స్‌ని నాయకుడిగా ఒప్పుకున్న బిబ్రాక్త్ పట్టణం ఆ కొండ మీదే ఉండేది.

తిండి, నీళ్ల గురించి: పల్లెల్లో 12 నుంచి 2 దాకా షాపులు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం బ్రెడ్ షాపు కూడా ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. నీళ్లు అయిపోతే శ్మశానం వెతకండి. పూలకుండీల కోసం ప్రతి ఊరి శ్మశానంలోనూ దాదాపు కుళాయి ఉంటుంది. ‘నోన్ పోతాబ్ల్’ (తాగే నీళ్లు కావు) అని బోర్డు ఉంటే మాత్రం తాగొద్దు, తల తడుపుకోండి చాలు.

ప్రశ్న: మేమిద్దరం స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటాం. ఇక్కడి వోజ్ కొండల్లో క్రేట్ రోడ్డు (శిఖరాల వెంట వెళ్లే రోడ్డు) చాలా బాగుంటుందని విని జులైలో ఒక ఆదివారం వెళ్తే, మోటార్ సైకిళ్ల హోరుకి మా ఆవిడ టెన్షన్ పడిపోయి మధ్యలోనే తిరిగొచ్చేశాం. వోజ్‌లో ప్రశాంతంగా తొక్కే దారే లేదా?

ఉందండీ. మీరు రోడ్డు తప్పుగా ఎంచుకోలేదు, రోజు తప్పుగా ఎంచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం కోసం వేసిన ఆ రోడ్డుకి ఎండాకాలం ఆదివారం మోటార్ సైకిళ్లు బారులు తీరతాయి. జూన్‌లో ఒక మంగళవారం, పొద్దున ఏడింటికి ష్లుఖ్ట్ కనుమ దగ్గర మొదలుపెట్టి చూడండి. గ్రాన్ బాలోన్ శిఖరం దాకా ఆవుల మెడగంటలే వినిపిస్తాయి.

ఆదివారం తప్ప కుదరదంటే శిఖరం రోడ్డు వదిలేసి, లోయల మధ్య చిన్న కనుమలు పట్టుకోండి. దీనికి కాగితం మ్యాపే మంచిది. మిషెలాన్ మ్యాపులో తెల్లగా గీసిన రోడ్లు చూడండి, రద్దీ తక్కువ. రోడ్డు మీద చిన్న బాణం గుర్తులు ఉంటాయి, అవి మెరక వైపు చూపిస్తాయి. ఒక బాణం అంటే 5 నుంచి 9 శాతం వాలు (వంద మీటర్లు ముందుకెళ్తే 5 నుంచి 9 మీటర్లు ఎక్కినట్టు), రెండైతే 9 నుంచి 13, మూడైతే అంతకన్నా ఎక్కువ. మీ ఆవిడకి ధైర్యం కుదిరేదాకా ఒక్క బాణం దారులే చాలు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి సాం-మోరిస్ వైపు నుంచి బాలోన్ దాల్సాస్ కొండ ఎక్కండి. సుమారు 9 కిలోమీటర్లు, సగటున 7 శాతం. దాదాపు మొత్తం అడవి నీడే, వాలు ఎక్కడా ఉన్నట్టుండి మీద పడదు. 1905లో టూర్ ద ఫ్రాన్స్ ఈ కొండ ఎక్కింది, అందరికన్నా ముందు పైకి చేరింది రెనే పొత్తియే అనే రేసర్. అప్పటి బరువైన సైకిళ్లు తలుచుకుంటే ఎనిమిదో కిలోమీటరు దగ్గర నాకు కాస్త బలం వస్తుంది.

ప్రశ్న: ఎక్కడం పర్వాలేదు, అడవి రోడ్ల మీద దిగడమే భయం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

‘గ్రావియోన్’ అనే మాట గుర్తుపెట్టుకోండి, సన్న కంకర అని అర్థం. ఎండాకాలంలో పల్లె రోడ్లకి తారు పూసి, పైన కందిపప్పంత కంకర చల్లి వదిలేస్తారు. కార్ల చక్రాలే దాన్ని అణచాలి. చక్రాలు నడిచే రెండు గాడులూ నల్లగా శుభ్రంగా కనిపిస్తాయి, మధ్యలోనూ అంచులోనూ కంకర కుప్పలా పేరుకుంటుంది. ఒకసారి మలుపులో నేను గాడి వదిలి అంచుకి జరిగాను. ముందు చక్రం ఎప్పుడు జారిందో తెలియనే లేదు. మోచేతిలోంచి నర్సు పద్నాలుగు రాళ్లు తీసింది. ఆ మాట ఉన్న పసుపు బోర్డు కనిపిస్తే మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేయండి. మలుపులో వేయకండి.

వాన వెలిసినా అడవి నీడలో రోడ్డు మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం, కాబట్టి ఒంటి మీద మెరిసే రంగు ఉండాలి. కింద ఊరు రాగానే వేగం తగ్గించండి. గుర్తులేమీ లేని కూడలిలో కుడి వైపు సందులోంచి వచ్చే ట్రాక్టర్‌కే ముందు వెళ్లే హక్కు, మీకు కాదు.