క్యాట్ మార్చేముందు: రాయగడలో షెడ్డు తెరిచిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి జయపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

రాయగడలో సొంతంగా షెడ్డు తెరిచావనీ, స్కానర్ కూడా కొన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. బ్రేకులు, క్లచ్చు, సస్పెన్షన్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు, అవన్నీ నీ చేతికి బాగా అలవాటైన పనులే. నేను రాయదలచుకున్నది పొగ సంగతి. ఇప్పటి కార్లలో మెకానిక్కులు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఆదివారం మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కారు ఒకటి నీ షెడ్డు ముందు ఆగుతుంది. "చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, కాస్త ఆర్పెయ్ బాబూ, సాయంత్రానికి ఇల్లు చేరాలి" అంటారు. బండి కంప్యూటర్‌లోని కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0420 అని చూపిస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే డబ్బా, మనం క్యాట్ అనేది, చెయ్యాల్సినంత పని చెయ్యడం లేదని దాని అర్థం. అక్కడ మనవాళ్లు చేసేవి రెండే. కోడ్ చెరిపేసి చిల్లర పుచ్చుకుని పంపెయ్యడం, లేకపోతే "క్యాట్ పోయింది, మార్చాల్సిందే" అని వేలల్లో లెక్క చెప్పడం. ఆ రెండూ నువ్వు చెయ్యొద్దు. క్యాట్ ఊరికే పాడవదు. దానికి ముందున్నదేదో పాడై దాన్ని పాడు చేస్తుంది. ఆ ముందున్నదేదో తేల్చకుండా కొత్త క్యాట్ బిగిస్తే ఆరు నెలల్లో అదీ పోతుంది, నీ పేరూ పోతుంది.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇది సులువుగా పట్టుబడుతుంది. క్యాట్ లోపల తేనెపట్టులా సన్నటి కంతలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. ఆ కంతల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగ ఆ కంతల్లోంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు విరిగి, అంత హాని లేని వాయువులుగా మారతాయి. దానికి రెండు షరతులు. దిమ్మ 250, 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. గాలీ పెట్రోలూ సరిపాళ్లలో, అంటే ల్యాంబ్డా 1 దగ్గర కాలుతుండాలి. ఒక ప్లగ్గు సరిగ్గా మండకపోతే కాలని పెట్రోలు వెళ్లి దిమ్మలోనే మండుతుంది, పింగాణీ కరిగి ముద్దవుతుంది. పిస్టన్ రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ పైకొస్తే పూత మీద బూడిద పేరుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ వచ్చినా అంతే. పూర్వం పెట్రోల్లో సీసం కూడా క్యాట్‌ను చంపేది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కాబట్టి ఆ బెడద పోయింది.

మన ప్రాంతంలో ఇంకో సంగతి చూడాలి. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కే బండి నిండా జనంతో రెండో గేరులో మెలికలు తిరుగుతూ చాలాసేపు ఎక్కుతుంది. చదును రోడ్డు మీద బయటపడని మిస్‌ఫైర్, అంటే ప్లగ్గు సరిగ్గా మండకపోవడం, అక్కడ, ఆ లోడు మీద బయటపడుతుంది. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండడం వేరు. ఆరుతూ వెలుగుతుంటే క్యాట్ ఆ క్షణాన కాలిపోతోందనే లెక్క. నీ దగ్గరికి బండి తెచ్చేవాళ్లందరికీ ఈ ముక్క చెప్పి పెట్టు: ఘాట్‌లో లైటు అలా కొట్టుకుంటే యాక్సిలరేటర్ తగ్గించి, వీలైన చోట బండి ఆపెయ్యమను. ఎలాగోలా పైదాకా లాగేద్దాం అనుకుంటే ప్లగ్గు ఖర్చుతో పోయేది క్యాట్ ఖర్చు దాకా వస్తుంది.

ఇక బండి చూసే వరస. స్కానర్ తియ్యకముందే ఇంజిన్ చల్లగా ఉండగా కిందికి దూరు. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లగా మసి గీతలు కనిపిస్తే అక్కడ లీకుంది. క్యాట్‌కి ముందూ వెనకా పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లుంటాయి. ముందున్న ఆక్సిజన్ సెన్సార్ దగ్గర సన్నటి లీకున్నా బయటి గాలి లోపలికి లాగుతుంది. సెన్సార్ "పెట్రోలు చాలడం లేదు" అని అబద్ధం చెబుతుంది, ఇంజిన్ కంప్యూటర్ అది నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. క్యాట్ డబ్బా మీద రాయి తగిలి సొట్ట పడిందేమో తడిమి చూడు, కంకర తేలిన ఊరి రోడ్లమీద ఇది మామూలే. రబ్బరు సుత్తితో మెల్లగా ఒకటి తట్టు. లోపల గలగలమంటే దిమ్మ పగిలింది. బాగా వేడెక్కిన బండిని ఒక్కసారిగా వాగు నీళ్లలోకి దించినా దిమ్మ పగలొచ్చు. వానాకాలంలో ఆ ప్రశ్న అడగడం మరిచిపోకు.

పైన బానెట్ కింద ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడు. మన ఎర్రమట్టి దుమ్ముకి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క సరిపోదు. తర్వాత పీసీవీ వాల్వు, అంటే ఇంజిన్ లోపలి ఆవిర్లను లాగి మళ్లీ కాలడానికి పంపేది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ కంత మీద ఒక చిన్న కాగితం ముక్క పెట్టు. కాగితం కంతకి అతుక్కుని కొద్దిగా లోపలికి వంగితే బాగున్నట్టు. ఎగిరి పక్కన పడిందంటే వాల్వు పూడుకుపోయిందో, రింగులు అరిగి లోపల ఒత్తిడి పెరిగిందో. ఖర్చు లేని పరీక్ష ఇది, కానీ ఆయిల్ ఎందుకు కాలుతోందో దీనితోనే చాలాసార్లు తెలిసిపోతుంది. పెట్రోలు ట్యాంకు మూత రబ్బరు పగిలిందేమో, ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాకి వెళ్లే గొట్టాలు ఎలుకలు కొరికాయేమో అదే ఊపులో చూసెయ్. ట్యాంకు ఆవిరి కోడ్లు చాలామట్టుకు అక్కడే తేలిపోతాయి.

ఇప్పుడు స్కానర్. కోడ్ కనబడగానే చెరపొద్దు. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చదివి కాగితం మీద రాసుకో: కోడ్ పడ్డప్పుడు ఇంజిన్ వేడెంత, స్పీడెంత, లోడెంత. చెరిపితే ఆ సాక్ష్యం పోతుంది. పైగా బండి తన భాగాలను తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ సున్నాకొస్తాయి, మళ్లీ పూర్తవడానికి బండి కొన్నిసార్లు చల్లారి వేడెక్కి, రకరకాల స్పీడుల్లో తిరగాలి. పాత బండి కొనబోయేవాడు చూపించడానికి తెస్తే మొట్టమొదట మానిటర్లే చూడు. కోడ్లేమీ లేవు, మానిటర్లు మాత్రం ఏవీ పూర్తవలేదంటే బ్యాటరీ తీసైనా ఉండాలి, అమ్మేవాడు పొద్దున్నే కోడ్లు చెరిపైనా ఉండాలి.

బండి బాగా వేడెక్కాక రెండు ఆక్సిజన్ సెన్సార్ల గీతలూ పక్కపక్కన పెట్టి చూడు. మామూలు జిర్కోనియా సెన్సార్ అయితే ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందికీ ఊగుతుంది. క్యాట్ బాగుంటే వెనకది పెద్దగా కదలకుండా 0.6, 0.7 దగ్గర నిలబడుతుంది. వెనకది కూడా ముందుదానితో పాటు ఊగుతుంటే క్యాట్ పని అయిపోయింది. అప్పుడు కూడా లీకులు లేవని తేలాకే ఆ మాట అను. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచి తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె, పది శాతం దాటి పైకో కిందికో పోయి ఉంటే అసలు రోగం క్యాట్‌లో లేదు, గాలి, పెట్రోలు లెక్కలో ఉంది. కొందరు వేడి కొలిచే గన్నుతో క్యాట్ ముందు, వెనక చూసి తీర్పు చెప్పేస్తారు. కొత్త ఇంజిన్లలో దిమ్మలో కాలడానికి మిగిలేదే తక్కువ, తేడా పెద్దగా రాదు. దాన్ని నమ్ముకోకు.

ఘాట్‌లో బండి లాగడం లేదు, చదునులో మాత్రం బాగానే ఉంది అంటే క్యాట్ పూడుకుందేమో చూడాలి. ఇంజిన్ గాలి లాగే గొట్టానికి వాక్యూమ్ గేజి తగిలించు. ఐడిల్‌లో ముల్లు నిలకడగా ఉండాలి. 2500 ఆర్‌పీఎంకి లేపి అలాగే పట్టి ఉంచు. కాసేపటికి ముల్లు మెల్లమెల్లగా దిగజారుతుంటే పొగ బయటికి పోవడం లేదు. పుస్తకాల్లో ఐడిల్‌కి 17 నుంచి 21 అంగుళాల పాదరసం అని ఉంటుంది. అది సముద్రమట్టం లెక్క. వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. నీ రాయగడలో తేడా తెలియదు, మా జయపురంలో రెండు అంగుళాలు, కోరాపుట్‌లో దాదాపు మూడు తక్కువ చూపిస్తుంది. ఇది తెలియక కోరాపుట్‌లో మంచి ఇంజిన్లను విప్పేస్తున్నారు. అనుమానం తీరకపోతే క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ కంతలో ప్రెషర్ గేజి బిగించు. 2500 దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే దారి మూసుకున్నట్టే.

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఇప్పటికీ కార్బురేటర్ బండి అడపాదడపా వస్తుంది. విజయనగరంలో ట్యూన్ చేయించి కోరాపుట్ తీసుకొస్తే పైన గాలి పలచన, కాబట్టి పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. అది బండి తప్పు కాదు, అది తిరిగే ఊళ్లో ట్యూన్ చెయ్యాలంతే. ఇంజెక్షన్ బండి తన లెక్క తనే సరిచేసుకుంటుంది.

ఈజీఆర్ వాల్వు పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది. డీజిల్ బండిలో అది మసితో బిగుసుకుపోతుంది. పెట్రోలు బండిలో అయితే ఐడిల్‌లో మూసుకునే ఉండాలి. పెట్రోలు బండిలో వాక్యూమ్‌తో తెరుచుకునే రకమైతే చేతి పంపుతో ఐడిల్‌లో తెరిచి చూడు, ఇంజిన్ తడబడాలి, ఆగిపోనూవచ్చు. ఏ తేడా రాలేదంటే వాల్వో దారో పూడింది. విప్పి శుభ్రం చెయ్యి, రేకు ముక్క పెట్టి మూసెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు.

పొగ మీద పెట్టిన భారత్ స్టేజ్ నిబంధనల్లో ఆరోది, బీఎస్6, డీజిల్ బళ్లు 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి కదా, వాటిలో డీపీఎఫ్, అంటే మసి పట్టే ఫిల్టరు, ఉంటుంది. మసిని పట్టి ఉంచి, సుమారు 600 డిగ్రీల వేడిలో తనే కాల్చేసుకుంటుంది. ఊళ్లో స్టేషనుకీ బజారుకీ తిరిగే బండికి ఆ వేడి అందదు, కాల్చడం మధ్యలో ఆగిపోతూ ఉంటుంది, ఆ పనికి అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. అలాంటి బండి వస్తే డిప్‌స్టిక్ చూడు. ఆయిల్ లెవెల్ పెరిగి డీజిల్ వాసన వేస్తుంటే వెంటనే ఆయిల్ మార్చు, తక్కువ బూడిద రకమే పొయ్యి. ఎందుకంటే మసి కాలిపోతుంది, ఆయిల్ బూడిద కాలదు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి యాడ్‌బ్లూ వాడే బండి అయితే అది 32.5 శాతం యూరియా ద్రావణం. పొలానికి వేసే యూరియా నీళ్లలో కలిపి పోశామని చెప్పేవాళ్లు తగులుతారు. ఆ మలినాలతో ఇంజెక్టర్ గడ్డకట్టి పోతుంది.

ఇవన్నీ సరిచేశాకే బండిని పొల్యూషన్ సెంటర్‌కి పంపు, చల్లటి ఇంజిన్‌తో పంపొద్దు. బీఎస్4, ఆ తర్వాతి పెట్రోలు కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. దానికి ముందు బీఎస్2, బీఎస్3 కార్లకి 0.5 శాతం, 750 పీపీఎం. డీజిల్‌కి పొగ సాంద్రత చూస్తారు, బీఎస్4కి 1.62, పాతవాటికి 2.45. పొగ గొట్టంలో ప్రోబు లోపలిదాకా దూర్చారో లేదో నువ్వే నిలబడి చూడు. అంచున పెడితే బయటి గాలి కలిసి అంకె తక్కువ వస్తుంది. సర్టిఫికెట్టు బీఎస్4, బీఎస్6 బళ్లకి ఏడాది, పాతవాటికి ఆరు నెలలు. 2021 నుంచి దేశమంతా ఒకే నమూనా, కాబట్టి ఆంధ్రా నంబరు బండికి రాయగడలో తీసినా చెల్లుతుంది. కేవలం ఫొటో పంపితే కాగితం ఇచ్చేసే చోటికి ఎవరినీ పంపకు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక జరిమానా పదివేల దాకా ఉంది. దానికంటే ముఖ్యం, ఆ కాగితంతో బండి రోగం కనబడకుండా దాక్కుంటుంది.

క్యాట్ కోసేసి ఖాళీ గొట్టం వెల్డింగ్ పెట్టమని అడిగేవాళ్లు వస్తారు, మైలేజి పెరుగుతుందని ఎవరో చెప్పారంటారు. గట్టిగా వద్దను. బాగున్న క్యాట్ తీస్తే మైలేజి పెరగదు, ఆ పొగ మాత్రం బడి ముందు పిల్లలు పీలుస్తారు. వాళ్లు వేరే షెడ్డుకి పోతే పోనీ.

ఆఖరుగా నీ గురించి. వానాకాలమని రోలింగ్ షట్టరు దించుకుని లోపల ఇంజిన్ నడిపి రీడింగులు చూడకు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు, తల నొప్పి మొదలయ్యేసరికే ఆలస్యం అవుతుంది. పొగ గొట్టానికి పొడుగు గొట్టం తగిలించి బయటికి వదులు, పక్కన పనిచేసే కుర్రాడికీ అదే నేర్పు. ప్రెషర్ గేజీకి సెన్సార్ కంతలో సరిపోయే అడాప్టర్ అక్కడ దొరక్కపోతే చెప్పు, నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, రాయగడ బస్సులో పంపిస్తాను.

మీ మామయ్య